తిరుగు ప్రయాణపు డబ్బా

నేను ఒక పెట్రోలు డబ్బాను, ఇరవై లీటర్లు పడతాను. జర్మనీలో ఒక కార్ఖానాలో రేకు నొక్కి నన్ను చేశారు. నిండుగా ఉన్నప్పుడు ఇద్దరు మోయడానికి వీలుగా నెత్తిన మూడు పిడులు పెట్టారు. మనుషులు డబ్బా గురించి ఆలోచించినంత శ్రద్ధగా యుద్ధం గురించి ఆలోచించరు.

1944 డిసెంబరులో నన్ను వెండెల్ అనే ట్యాంకు డ్రైవరుకు ఇచ్చారు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. యుద్ధానికి ముందు ఊరూరా పాలబండి తోలేవాడు. తిరుగు ప్రయాణానికని ఒక డబ్బా పెట్రోలు విడిగా దాచనిదే బండి కదిలించని అలవాటు అతనిది.

అప్పటికే వాళ్ల దేశం ఓడిపోతోంది. ఆఖరి ప్రయత్నంగా పడమటి సరిహద్దులోని ఆర్డెన్ అడవుల మంచులోంచి దాడికి దిగారు. చాలినంత పెట్రోలు మాత్రం లేదు.

"ఉన్నదంతా ట్యాంకులో పోసెయ్. మిగతాది దారిలో శత్రువు దగ్గర లాక్కుందాం," అన్నాడు ఆఫీసరు.

"తిరిగి రావడానికో, సార్?"

"తిరిగి రావడమనే మాటే లేదు."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! వెండెల్ బుద్ధిగా తలూపి, ఆయన అటు వెళ్లగానే తెల్లరంగు తెచ్చి నా పొట్ట మీద పెద్ద శిలువ గీశాడు. వాళ్ల సైన్యంలో ఆ గుర్తు ఉంటే లోపల నీళ్లని అర్థం. కడుపులో పెట్రోలు, మొహాన నీళ్లు. నా బతుకులో మొదటి అబద్ధం అదే.

వారం తిరక్కుండా ట్యాంకు ఒక కొండవాలులో ఆగిపోయింది. శత్రువు పెట్రోలు దొరకలేదు గానీ శత్రువు గుండ్లు దొరికాయి. గన్నరు క్లెమెన్స్ తొడలో గుండు ముక్క దిగింది. ట్యాంకు వదిలి నడిచి రమ్మని కబురు రాగానే ఆఫీసరు, మిగతా ఇద్దరూ వెనక్కి నడిచారు. క్లెమెన్స్ నడవలేడు. వెండెల్ అతన్ని వీపున వేసుకుని, నన్ను తాడుతో నడుముకు కట్టి, మంచులో ఈడ్చుకుంటూ ఒక పల్లె చేరాడు. తొందరగా వైద్యం అందకపోతే క్లెమెన్స్ బతకడు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రి శత్రువులైన అమెరికా వాళ్లది.

ఓడిల్ అనే విధవరాలి పాకలో పాత పాలబండి కనిపించింది. సరిహద్దు పల్లె కాబట్టి ఆమెకు వాళ్ల భాష వచ్చు.

"బండి నడుస్తుందా అమ్మా?"

"నడవకేం? పెట్రోలు చుక్క లేకుండా మీవాళ్లే ఊడ్చుకుపోయారుగా!"

వెండెల్ నన్ను చూపించాడు.

"నీళ్లు పోసి నడుపుతావా?" అని వెక్కిరించింది. ఆమెకూ ఆ గుర్తు తెలుసు.

అతను మూత తీశాడు. వాసన తగలగానే ఆమె గిరుక్కున తిరిగింది. లోపలికి వెళ్లి పరుపు మీది తెల్లదుప్పటి తెచ్చింది.

"ఇది బండికి కట్టు. లేకపోతే దారిలోనే కాల్చేస్తారు."

నన్ను చివరి చుక్క దాకా బండిలో వంచి, వట్టి డబ్బాగా పాకలో వదిలి, క్లెమెన్స్‌ను ఎక్కించుకుని వెళ్లాడు. అతను ఏమయ్యాడోనని నేను పడ్డ బెంగ ఆ పాకకే తెలుసు.

ఓడిల్ నన్ను వేడినీళ్లతో ఎన్నిసార్లు కడిగిందో! మొదటి ఏడాది దూడలు నా నీళ్లకు మూతి తిప్పుకున్నాయి. తర్వాత అలవాటుపడ్డాయి.

ఏడేళ్లకు ఇద్దరు మనుషులు పాకలోకి వచ్చారు. ఒకడు కుంటుతున్నాడు. రెండోవాడు నా పొట్ట మీద తట్టాడు. ఆ చెయ్యి నాకు తెలుసు.

"అమ్మా, ఇందులో ఏముంది?"

"నీళ్లే నాయనా," అంది ఓడిల్. "ఒట్టు."

వెండెల్ మూత తీసి, అలవాటుకొద్దీ వాసన చూశాడు. క్లెమెన్స్ దోసిలి పట్టాడు. వెండెల్ నన్ను వంచి అతనికి నీళ్లు పోశాడు.