ఆర్విడ్‌ని చల్లబెట్టిన రోజు

2004 చలికాలంలో మా ఆయన ఆర్విడ్ హాకీ ఆడుతూ ఆడుతూ మంచు మీదే పడిపోయాడు. గుండె ఆగిపోయింది. ఆంబులెన్సు కన్నా ముందొచ్చిన ఫైరింజను వాళ్లు కరెంటు షాకిచ్చి గుండెనైతే కొట్టుకునేలా చేశారు గానీ మనిషికి స్పృహ రాలేదు. వయసు ముప్పై ఒకటి. మా పాపకి ఏడు నెలలు.

ఉత్తర మిన్నెసోటాలో మాది చిన్న ఊరు, చిన్న ఆసుపత్రి. అక్కడ దుప్పట్లు వెచ్చగా ఉంచే బీరువా ఒకటుంది. పదో క్లాసుతో చదువాపేసినదాన్ని, నాకు తెలిసిన వైద్యమంతా ఆ బీరువాలోనే ఉంది. ఇంట్లో కూడా పాప నెత్తిన టోపీ తియ్యను నేను. మూడు దుప్పట్లు తెచ్చి ఆర్విడ్‌కి మెడదాకా కప్పాను.

నర్సు లెంపి వచ్చి మూడూ లాగేసింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఎవరికీ జంకదు.

"ఏంటమ్మాయ్, పిండి పొంగబెడుతున్నావా? ఇతన్ని చల్లబెట్టాలి. ఒంటి వేడిని ముప్పై ఏడు నుంచి ముప్పై మూడు డిగ్రీలకి దించి ఒక రోజుంచితే మెదడు నిలిచే ఆశ ఎక్కువట. రెండేళ్ల కిందటే డాక్టర్ల పత్రికల్లో వచ్చింది."

డాక్టర్ టాలెఫ్సన్ మంచివాడే. కాకపోతే కొత్త బూట్లు కొని ఏడాది పాటు అట్టపెట్టెలోనే ఉంచే రకం.

"లెంపీ, ఆ విషయం మన ఆసుపత్రి కమిటీ చూస్తోంది," అన్నాడు.

"రెండేళ్లుగా చూస్తోంది. ఇప్పటిదాకా చల్లబడింది కమిటీ ఒక్కటే డాక్టర్ గారూ."

"దానికి మన దగ్గర యంత్రం లేదు."

"వంటింట్లో ఐసుంది. చాలకపోతే కిటికీ తెరవండి."

ఆయన నవ్వు ఆపుకున్నాడు. "పెద్దాసుపత్రులే ఇంకా ఆలోచిస్తున్నాయి."

నేనుండబట్టలేక అడిగాను. "ఇలాగే వదిలేస్తే, లేచాక నన్ను గుర్తుపడతాడా డాక్టర్ గారూ?"

"చెప్పలేనమ్మా."

"చల్లబెడితే?"

"అదీ చెప్పలేను. కాస్త ఎక్కువ ఆశ, అంతే."

"ఆ కాస్తా మాకిప్పించండి."

ఆయన బయటికి వెళ్లిపోయాడు. కాసేపటికి చెరో చంకలో ఐసు సంచి ఇరికించుకుని తనే వచ్చాడు.

"అవి పెట్టాల్సింది అతని చంకల్లో, మీ చంకల్లో కాదు," అంది లెంపి.

వణుకు రాకుండా మందిచ్చారు. ఆర్విడ్ చెయ్యి పట్టుకుంటే చేపని పట్టుకున్నట్టుంది. నా ప్రాణం ఒప్పుకోలేదు. లెంపి కాఫీకి వెళ్లగానే బీరువాలోంచి ఒకే ఒక్క దుప్పటి తెచ్చి పాదాలకి చుట్టాను.

ఆవిడ తిరిగొచ్చి ఒంటి వేడి అంకె చూసింది. ముప్పై మూడు ఉండాల్సింది ముప్పై నాలుగు చూపిస్తోంది. పక్కదుప్పటి ఎత్తి చూసింది.

"కాళ్లకే కదా లెంపక్కా..."

"డాక్టర్ గారిని ఒప్పించడానికి రెండేళ్లు పట్టింది. నీకెన్నేళ్లు కావాలో చెప్పు తల్లీ!" అని బీరువాకి తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకుంది. మర్నాటిదాకా మళ్లీ ఏమీ కప్పకుండా నా చేతుల మీద నేనే కూర్చున్నాను.

తర్వాత మెల్లమెల్లగా వేడెక్కించారు. మూడో రోజు కళ్లు తెరిచాడు. ఊపిరికని గొంతులో పెట్టిన గొట్టం తీశాక, "పాపెక్కడ?" అన్నాడు.

"మా అమ్మ దగ్గర," అన్నాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

పది నిమిషాలాగి, "పాపెక్కడ?" అన్నాడు. చెప్పాను. మళ్లీ అడిగాడు. నాలుగోసారికి నా నవ్వు పోయింది. లెంపి వచ్చి నా భుజం మీద చెయ్యేసింది.

మధ్యాహ్నం మళ్లీ నోరు తెరవబోయాడు. అడగకముందే, "మా అమ్మ దగ్గరుంది," అన్నాను.

"తెలుసు," అన్నాడు విసుగ్గా. "పొద్దుట్నుంచీ అదే పాట పాడుతున్నావు. నాక్కాసిని మంచినీళ్లివ్వు."

ఇచ్చాను. సగం మెడ మీదే పోశాను.