అన్నా, నీ గడియారం

సకినాలు నమలడానికి ఈ ఫంక్షన్ హాలే దొరికిందా ఈ మనిషికి, అనుకున్నాడు జయప్రకాష్, ఎదురుగా సౌందర్య వేళ్లు కొంగుకు తుడుచుకుని అక్షరాల బిళ్లల సంచి అందుకుంటుంటే, ఈ ఒక్క ఆట గెలిస్తే చాలు, ప్రపంచ స్క్రాబుల్ పోటీలకు దేశం తరఫున వెళ్లే ఆఖరి సీటు తనది, దాని కోసం ఇన్నేళ్లు నిఘంటువులు నమిలి మింగితే చివరికి అడ్డం కూర్చున్నది ఎవరయ్యా అంటే జక్రాన్‌పల్లి పసుపు రైతు కూతురు, బ్యాంకు ఉద్యోగమట, నోరు తెరిస్తే గట్ల, గిట్ల, ఆ నోటికి ఇంగ్లీషు ఎలా తిరుగుతుందో దేవుడికే తెలియాలి, పొద్దున ఏ ఊరన్నా మీది అని ఆమె అడిగితే బోధన్ అని నసిగాడు, అయితే మనోళ్లే అన్నది, మనోళ్లట, తాత వెంకటసుబ్బారావు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద చెరుకు వేసిన నాటి నుంచి ఇంట్లో ఇక్కడి యాస పలకనిచ్చారా, బడిలో నేర్చుకొచ్చి ఒకసారి అమ్మా అనక అవ్వా అని పిలిచినందుకు అమ్మ నాగకుమారి మూతి మీద కొట్టింది, ఇప్పటికీ మాది గుడివాడ దగ్గరండీ అనే చెప్పుకుంటుంది, తనైతే ఆ ఊరు చూసింది ఒక్క పెళ్లికే.

సౌందర్య మాట పేర్చింది, గడియారం మీట నొక్కింది, ఇక తన వంతు, తన టైం మొదలైంది, అయినా ఆమె సంచిలోంచి చెయ్యి తీయదే, సంచి కంటికి పైకెత్తి పట్టుకోవాలని నియమం, పట్టుకుంది, సరే, కానీ లోపల వేళ్లు అంత నిదానమెందుకు, మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు తడిమి చూసే చేతులు, బిళ్ల మీద అక్షరం తడిమి కనుక్కోలేవా, దొరికిందిలే దొంగ, చెయ్యెత్తి అంపైరును పిలిచాడు, ఆ లింబాద్రి చాయ్ గ్లాసుతో హాలు ఆ చివర ముచ్చట్లలో మునిగి కదలడు, ఏం మనుషులో, ఏం పోటీయో, అన్నా, నీ గడియారం నడుస్తున్నది, ఆపు, అన్నది సౌందర్య, ఎవరికమ్మా అన్న, కళ్లు అటు తిప్పితే చేతిలో బిళ్ల సంచిలో జారవిడవడానికేగా, తిప్పలేదు, నిజంగనే చెప్తున్న అన్నా, ఒక్కపారి సూడు, మళ్లీ అదే ఎత్తు, చూడలేదు, చివరికి లింబాద్రి తీరిగ్గా వచ్చి గడియారం ఆపాడు, సంచి తిరగేశాడు, బిళ్లలన్నీ నున్నగా ఉన్నయి సార్, తడిమితే ఏం తెల్వది అన్నాడు, ఆమె బొటనవేలికి చుట్టిన పట్టీ చూపించింది, కూరగాయలు తరుగుతుంటే తెగిందట, అందుకే నిదానం.

తెగితే తెగింది, ఆట ముగిసేసరికి ఆరు పాయింట్ల ఆధిక్యం తనదే, లేవబోయాడు, ఆగండి సార్ అన్నాడు లింబాద్రి, నన్ను పిలిచినంక గడియారం ఆపలేదు మీరు, మీ టైం దాటింది, పది పాయింట్లు కోత, అంటే నాలుగు పాయింట్లతో ఓటమి, సీటు ఆమెది, ఆపమని నాకెవరూ చెప్పలేదు అని అరవడానికి నోరు తెరిచాడు, ఎదురుగా సౌందర్య నవ్వడం లేదు, గెలిచిన మొహం కూడా కాదు అది, చెప్పింది కదా, వినపడలేదా, వినపడింది, రెండుసార్లూ స్పష్టంగా వినపడింది, అదే మాట అమ్మ యాసలో ఎవరన్నా అని ఉంటే చెయ్యి దానంతటదే మీట మీదికి పోయేది, ఊరికే నోరు మూసుకుని కూర్చుంటే గెలిచే మనిషి రెండుసార్లు నోరు తెరిచింది, ఈ హాలు మొత్తంలో తను ఓడిపోకూడదని చూసింది ఆమె ఒక్కతే.