పక్క గది మబ్బు

పొద్దున మొదటి గంట కొట్టగానే సుబ్బరావమ్మ టీచరు కొంగు నడుముకి దోపుకుని నల్లబల్ల మీద ఇండియా పటం గీస్తుంది. కాశ్మీరం దగ్గర సుద్దముక్క ఆనించిందంటే కన్యాకుమారి చుట్టి మళ్ళీ కాశ్మీరం చేరేదాకా చెయ్యి ఎత్తదు. పర్చూరు పక్క ఆ ఊళ్ళో ఇప్పుడున్న పిల్లలకే కాదు, వాళ్ళ తండ్రులకీ సోషలు చెప్పింది ఆవిడే. గీత పూర్తయ్యేదాకా తొమ్మిదో తరగతి బి సెక్షన్లో చీమ చిటుక్కుమనేది కాదు.

అదంతా పక్కనున్న 'ఎ' సెక్షన్ గదిలోకి డిజిటల్ బోర్డు రాకముందు మాట.

దాని మీద పాఠం చెప్పేది సైమా. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్ల. ఆ బోర్డు మీద ఏది చూపిస్తే అది కాస్త గదిలోకి కూడా వచ్చేది. ఎడారి పాఠం రోజున గుమ్మం దాకా ఇసుక. సముద్రం పాఠం రోజున పిల్లల యూనిఫారాలు ఉప్పు పట్టి పెళపెళలాడేవి.

"నిన్న ఇసుక ఎత్తాను, ఇవాళ మంచు. రేపేం ఎత్తాలో ముందే చెబితే చీపురో బక్కెట్టో తెచ్చుకుంటాను గదమ్మా!" అని అటెండరు బుల్లయ్య సణిగేవాడు. హెడ్మాస్టరుగారు కూడా, "హిమాలయాలు పెట్టినప్పుడు తలుపేసుకోండి సైమా, వరండా జారుతోంది" అన్నారు. అంతకు మించి ఎవరూ దాని గురించి మాట్లాడింది లేదు.

సుబ్బరావమ్మకి మాత్రం కళ్ళల్లో కారం కొట్టినట్టుండేది. పక్క గదిలో పిల్లలు "హో" అన్నప్పుడల్లా సుద్దముక్క విరిగేది. 'మీట నొక్కడం కూడా చదువు చెప్పడమేనా?' అనుకునేది. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నా ఆ "హో" చెవుల్లోనే ఉండేది.

ఒకరోజు తన క్లాసు పిల్ల నాగజ్యోతి పక్క గది కిటికీకి అతుక్కుని కనపడింది. చదువులో ఆ పిల్లే ముందు.

"ఏమే, నా పాఠం చేదయిందా?"

"కాదు మేడమ్. మిరపకోతలకి వెళ్ళి వారం రాలేదు గదా. పోయిన పాఠాలు సైమా మేడమ్ బోర్డు మీద మళ్ళీ వేస్తానన్నారు."

ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. నల్లబల్ల మీద చెరిపేసిన పటం మళ్ళీ రాదు. నాగజ్యోతి తండ్రి రంగయ్య కిందటి వారమే వచ్చి, "పిల్లకి సగం పాఠాలు పోతన్నాయి టీచరమ్మా. అర్థంకాక బెంచీ మీద కూర్చునేకంటే మానేసి పనికొస్తే నయం" అని చెప్పి వెళ్ళాడు. అతనికి చెప్పాల్సిన జవాబు సైమా దగ్గరుందా?

మర్నాడు సైమా రుతుపవనాల పాఠం మొదలుపెట్టింది. గోడ అవతల ఉరిమింది. చల్లగాలి తగిలేసరికి బి సెక్షన్లో సగం మంది బెంచీల మీద నుంచి లేచి వరండాలోకి పరిగెత్తారు. సుబ్బరావమ్మ గీస్తున్న గీత గోదావరి దగ్గర ఆగిపోయింది. ఆవిడ సుద్దముక్క పడేసి, విసవిసా మెయిన్ బోర్డు దగ్గరికి నడిచి, ఆ గది ఫ్యూజు పీకేసింది.

బోర్డు ఆరిపోయింది. కానీ మబ్బు అప్పటికే బయటికి వచ్చేసింది. వచ్చిన దారి మూసుకుపోయేసరికి కాసేపు ఫ్యాన్ల కింద తచ్చాడి, కిటికీలోంచి బడి వెనక్కి సాగింది.

బడి వెనక అన్నీ మిరప కల్లాలు. కోసిన కాయ ఎర్రగా ఆరబోసి ఉంది. తడిసిందంటే రంగు పోయి తాలుకాయే, ఏడాది కష్టం మట్టిలో కలిసినట్టే. "ఒరేయ్, పట్టాలు! పట్టాలు తెచ్చి కప్పండ్రా!" అని అరుపులు. అన్నింటికంటే ముందున్నది రంగయ్య కల్లం.

సుబ్బరావమ్మ ఫ్యూజు మళ్ళీ పెట్టేసి సైమా గదిలోకి పరిగెత్తింది.

"నేనే పీకాను. దాన్ని వెనక్కి పిలువమ్మాయ్!"

సైమా ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసింది. "పాఠం మళ్ళీ పెడితే ఇంకో మబ్బు వస్తుంది మేడమ్. గాలి ఇటు తిరిగేలా ఎవరైనా గీస్తేగానీ ఇది రాదు. నాకు గీయడం రాదు. రోజూ పొద్దున నా క్లాసుకి వెళ్ళబోతూ మీ కిటికీ పక్కన నిలబడి చూస్తాను, ఆ చెయ్యి నాకెందుకు లేదా అని కుళ్ళుకుంటాను."

సుబ్బరావమ్మ తెల్లబోయింది. ఆలోచించే వ్యవధి లేదు. బోర్డు మీద వేలు ఆనించింది. వేలి వెంట గీత పరిగెత్తింది. సముద్రం, తీరం, వాగు, ఊరు, బడి, కల్లాలు. కల్లాల మీద నుంచి బడి కిటికీ దాకా గాలి బాణాలు. అలవాటు కొద్దీ నోరు ఊరుకోలేదు. "గాలి ఎందుకు మళ్ళుతుందర్రా? నేల వేడెక్కితే ఒకలా, చల్లబడితే ఒకలా..." అని గీస్తూనే పాఠం చెప్పేసింది.

బయట చెట్ల ఆకులు వెనక్కి తిరిగాయి. రంగయ్య కల్లం అంచున నాలుగు చినుకులు రాల్చిన మబ్బు, బరువుగా మళ్ళి, కిటికీలో దూరి, పిల్లలందర్నీ తడిపి బోర్డులోకి వెళ్ళిపోయింది. బుల్లయ్య బక్కెట్టు కోసం వెళ్ళాడు.

రంగయ్య పట్టా భుజాన వేసుకునే రొప్పుతూ గుమ్మంలోకి వచ్చాడు.

"తప్పు నాదే రంగయ్యా, కోపంతో ఫ్యూజు పీకాను" అంది సుబ్బరావమ్మ.

"కాయ తడిసుంటే మీ మీదయినా అరిచేవాణ్ణే టీచరమ్మా" అన్నాడతను. అతని చూపు బోర్డు మీద ఉంది. సైమా ఏదో తాకింది. సుబ్బరావమ్మ గీత మళ్ళీ మొదటినుంచి తనంతట తానే నడవసాగింది, గొంతుతో సహా.

"ఇది పోదా?" అన్నాడు రంగయ్య.

"పోదండీ" అంది సైమా. "ఎప్పుడొచ్చి అడిగినా మళ్ళీ చెబుతుంది."

"కోతలయ్యాక వచ్చినా?"

"కోతలయ్యాక వచ్చినా."

రంగయ్య తల గోక్కున్నాడు. "ఈ ముక్క ముందే ఎవరూ చెప్పరే!" అని గొణుక్కుంటూ కల్లానికి వెళ్ళిపోయాడు. కూతుర్ని మాన్పించే మాట ఆ తర్వాత ఎత్తలేదు.

అప్పట్నుంచి సోషలు గంటకి రెండు సెక్షన్లూ ఒకే గదిలో కూర్చున్నాయి. సుబ్బరావమ్మ గీసేది, సైమా దాచేది. రెండో కోత ముగిశాక ఒక సాయంత్రం నాగజ్యోతి పోయిన పాఠం పెట్టుకుని ఒక్కతే కూర్చుంది. బోర్డులోంచి కృష్ణ పారి వస్తుంటే కాళ్ళు బెంచీ మీదకి ముడుచుకుని నోట్సు రాసుకుంటోంది. అర్థంకాని చోట వెనక్కి జరుపుతోంది. బోర్డులోని సుబ్బరావమ్మ విసుగు లేకుండా, దగ్గు లేకుండా, అదే మాట నాలుగోసారి చెప్పింది.

వరండాలో నిలబడిన సుబ్బరావమ్మకి కళ్ళల్లో మళ్ళీ కారం కొట్టింది.

"నాకంటే బాగా చెబుతోంది, టక్కులాడి" అనుకుంది. అడుగుల చప్పుడు కాకుండా ఇంటిదారి పట్టింది.