ఎడమచేతి కంచుడు

పెద్ద వరద వచ్చిపోయిన ఇరవై ఒకటో ఏడు, ఎండలు ఇంకా ముదరకముందు, ఒక మధ్యాహ్నం నా వెన్ను మీద కత్తి పెట్టారు.

నేను ఒక బైండు పుస్తకాన్ని. అచ్చాఫీసు నుంచి నేరుగా వచ్చినదాన్ని కాను. వారపత్రికలోంచి వారం వారం చింపి దాచిన సీరియల్ కాగితాలను ఒకచోట పెట్టి కుడితే పుట్టాను. నన్ను కుట్టినవాడు పల్లయ్య. మూడో తరగతితో బడి మానేశాడు. మాట తక్కువ. చేసినవాడి గుణం చేసిన వస్తువుకు కొంత అంటుకుంటుంది. అందుకని నేనూ ఎక్కువ చెప్పను. జరిగింది చెబుతాను.

గౌతమి గట్టు కింద చిన్న ఊరు మాది. అక్కడ సుగుణమ్మగారు అద్దె పుస్తకాల లైబ్రరీ నడిపేవారు. ఆ లైబ్రరీ పంచలోనే పల్లయ్య బైండింగు పని. ఒక దబ్బనం, ఒక కత్తి, దారపుండ, మైదా ఉడకబెట్టిన జిగురు, అందులో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. అంతే సరంజామా.

నాలో ఉన్న సీరియల్ పేరు 'శూన్యనౌక'. నాలుగేళ్ళకు పైగా నడిచింది. భూమిని విడిచి చుక్కల మధ్య తిరిగే ఓడ, దాని కెప్టెన్ మార్తాండ, అతని వెంట నీడలా తిరిగే కంచుడనే యుద్ధయంత్రం. రెండువందల పన్నెండో భాగం చివర, ఓడను కాపాడడానికి కంచుడు ఆమ్లపు మడుగులో దూకి కరిగిపోయాడు. ఊళ్ళో చాలామంది ఆ రోజు సరిగా అన్నం తినలేదు. తరవాత ఏమవుతుందా అని ఎదురుచూస్తుండగా గోదావరి పొంగింది. గట్టు తెగింది. ఆ వారం పత్రిక మా ఊరికి రాలేదు.

నీళ్ళు తీశాక రెండువందల పద్నాలుగో భాగం వచ్చింది. చూస్తే, కంచుడు కెప్టెన్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమీ జరగనట్టే ఉన్నాడు. కాకపోతే కళ్ళు ఎరుపు పోయి నీలమయ్యాయి. ఆయుధం కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మారింది. పైగా ఎంత గండంలో ఉన్నా, ఎదురైనవాణ్ణల్లా "భోజనం చేశారా?" అని అడగడం మొదలుపెట్టాడు.

అక్కడ మొదలైంది గొడవ.

లెక్కల మేష్టారు నరసింగరావుగారు ఒక పక్షం. టైలర్ ఖాదర్ వలీ ఇంకో పక్షం. సాయంత్రం కాగానే ఇద్దరూ లైబ్రరీ బల్ల మీద చేరి నన్ను మధ్యలో పెట్టుకునేవారు.

"చచ్చినోడు చచ్చాడు ఖాదరూ. వీడెవడో దొంగ కంచుడు. రెండు రెళ్ళు నాలుగని చెప్పి, ఆనక ఐదంటే ఒప్పుకుంటామా? రాసినాయన మనల్ని ఎర్రోళ్ళని చేత్తన్నాడు."

"అదేటండి మేష్టారూ! చొక్కా చిరిగితే మాసికేత్తాం. అంతమాత్రాన చొక్కా మారిపోద్దేటండి? ఆడే ఈడు. బాగుచేయించుకున్నాడు. ఆయ్!"

"మరి ఎడంచెయ్యో?"

"కుడిచెయ్యి కరిగిపోయింది కదండీ."

"భోజనం చేశారా అని అడగడమో?"

"మర్యాదండి. మన జిల్లావోడై ఉంటాడు."

పత్రికాఫీసుకు కార్డు రాశారు. పాత ప్రతులు లేవని జవాబొచ్చింది. కొన్నాళ్ళకు పత్రికే ఆగిపోయింది. ఇంకో ఊళ్ళో గట్టిగా వెతికితే ఆ భాగం దొరికేదేమో. వెతకాలని ఇద్దరికీ లోపల పెద్దగా లేదు. దొరికితే ఓడిపోవచ్చు. మనుషులకు జవాబు కంటే తగువే ఎక్కువ కాలం తోడుంటుందని నాకు ఆ బల్ల మీదే తెలిసింది.

అయితే తగువు కూడా ఒక్కోసారి ముదురుతుంది. ఒకరోజు మేష్టారు ఎర్రసిరాతో నా రెండువందల పద్నాలుగో భాగం పక్కన 'నకిలీ' అని రాశారు. ఖాదర్ దాని కింద 'మీ మొహం' అని రాశాడు. కోపంలోనూ 'నీ' అనలేదు. అయినా మేష్టారికి తగిలింది. ఆ రోజు నుంచి ఎనిమిదేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. మేష్టారు ఖాదర్ దగ్గర చొక్కాలు కుట్టించుకోవడం మానేసి, భుజాలు జారిపోయే రెడీమేడ్ చొక్కాలు తొడగడం మొదలుపెట్టారు. ఒకరు వచ్చిన పూట ఇంకొకరు వచ్చేవారు కాదు. ఆ బల్ల మీద నన్ను ఒంటరిగా చదువుతుంటే నాకు బాగుండేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. వాళ్ళు తగువులాడుకున్న ఆ రెండువందల పదమూడో భాగం నా దగ్గరే ఉంది. నా ఒంట్లోనే ఉంది.

ఎలాగంటే, వరద తీశాక ఆ వారం పత్రికల కట్ట ఆలస్యంగా ఊరు చేరింది. అప్పటికే నీళ్ళకు నాని, ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దయింది. ఏజెంటు దాన్ని దిబ్బ మీద పడేశాడు. పల్లయ్య ఏరి తెచ్చుకున్నాడు. చిత్తుకాగితాలు పది పన్నెండు పొరలుగా జిగురు రాసి అతికించి, రాయి కింద పెడితే మంచి అట్ట అవుతుంది. బైండరుకు కాగితం అంటే అంతే, అందులో ఏముందో అతనికి పట్టదు. ఆ అట్టనే నాకు వేశాడు. ఊరు వెతికే కథను నా చర్మంలో మూసేశాడు.

ఆ సంగతి అతనికి పదిహేనేళ్ళ దాకా తెలియదు. ఒకసారి నా అట్ట మూల అరిగి విచ్చుకుంటే బాగుచేయడానికి ఒళ్ళో పెట్టుకున్నాడు. విచ్చుకున్న పొరలో అక్షరాలు కనిపించాయి. వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. "కం... చు... డు." పక్కన అంకె. రెండు, ఒకటి, మూడు. వేలు మళ్ళీ మొదటికి తెచ్చి ఇంకోసారి చదివాడు. తరవాత మూల మీద గుడ్డముక్క అతికించి నన్ను బీరువాలో పెట్టేశాడు.

చెప్పాలనే అనుకున్నాడు. ఎలా చెబుతాడు? మేష్టారూ ఖాదరూ అప్పటికే విడిపోయారు. వాళ్ళను విడదీసిన కాగితాన్ని తన చేత్తోనే జిగురు రాసి మూసేశానని ఎవరితో అంటాడు? రోజుకొకసారి నా వైపు చూసి తల దించుకునేవాడు. అలా ఆరేళ్ళు.

ఆ ఏడు సుగుణమ్మగారు లైబ్రరీ ఎత్తేశారు. టీవీలొచ్చాక చదివేవాళ్ళు లేరు. పుస్తకాలన్నీ అడిగినవాళ్ళకు ఇచ్చేశారు. నేనొక్కదాన్నే మిగిలాను. నా కోసం మేష్టారూ వచ్చారు, ఖాదరూ వచ్చాడు. చెరొక గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"అమ్మా, అది నాకివ్వాలని ఆయనతో చెప్పండి," అన్నారు మేష్టారు.

"ఇరవయ్యేళ్ళు చదివింది నేనని ఆయనకి చెప్పండమ్మా," అన్నాడు ఖాదర్.

సుగుణమ్మగారికి విసుగొచ్చింది. "ఓరి దేవుడో, మీ మధ్యన నేను తంతి తపాలానా? ఒరే పల్లయ్యా, దీన్ని రెండు చేసెయ్యి. వరద ముందుది మేష్టారికి, వరద తరవాతది ఖాదరుకి. ఒకళ్ళకి చచ్చిన కంచుడు, ఒకళ్ళకి బతికిన కంచుడు. పీడా పోద్ది!"

ఇద్దరూ కాదనలేదు. కాదంటే అవతలివాడికి లొంగినట్టవుతుందని కాబోలు.

పల్లయ్య నన్ను పీట మీద బోర్లించాడు. కత్తి తీశాడు. రెండువందల పన్నెండుకూ పద్నాలుగుకూ మధ్య దారం మీద దాని అంచు ఆనింది. చల్లగా ఉంది. నేను పోయినట్టే అనుకున్నాను. కత్తి కదల్లేదు.

"నా వల్ల కాదమ్మా," అన్నాడు.

"ఏం, మొండిదా కత్తి?"

"కాదండి. ఆ పదమూడో భాగం..." కత్తి పక్కన పెట్టాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "ఇందులోనే ఉందండి. అట్టలో. నేనే ఏసేశాను. తెలీక."

మేష్టారు అడిగారు. "నీకెప్పుడు తెలిసింది?"

"ఆరేళ్ళయిందండి."

"ఆరేళ్ళా!" మేష్టారు గిర్రున తిరిగారు. "విన్నావా ఖాదరూ, వీడి పని?"

"విన్నానండి మేష్టారూ! నోట్లో నాలుక లేదనుకున్నాం గానీ, కడుపులో ఇంత దాచాడండి ఈడు!"

మాట్లాడుకున్నామని వాళ్ళిద్దరికీ తెలియలేదు. సుగుణమ్మగారికి తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పల్లయ్య నా అట్ట కోసి నీళ్ళ పళ్ళెంలో పెట్టాడు. నాకు వరద గుర్తొచ్చింది. జిగురు మెత్తబడేదాకా ఆగి, పొర వెంట పొర లేపాడు. తడి కాగితం చిరగకుండా పట్టుకోవడం అతనికొక్కడికే చేతనవును. అందుకని చదవాల్సిందీ అతనే అయింది. ఒక్కొక్క అక్షరమే కూడబలుకుతుంటే, నాలోని ప్రతి వాక్యమూ కంఠతా వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు.

"నే... ను... వా... డి... ని... కా... ను. వం... ట..."

"వంటగదా?" అన్నారు మేష్టారు ఆగలేక.

"ఉండండి మేష్టారూ, ఆణ్ణి చదవనియ్యండి!"

"వంట... గది... లో... గరి... టె... తిప్పే... యంత్రా... న్ని. వాడి... పేరుతో... పిలిస్తే... మాత్రం... పలుకు... తాను."

కంచుడు నిజంగానే పోయాడు. అతని లోటు ఓర్చుకోలేక కెప్టెన్ ఓడలోని వంటయంత్రాన్ని దగ్గరకు పిలిచి ఆ పేరు పెట్టుకున్నాడు. అదీ కథ.

ఖాదర్ నెమ్మదిగా అన్నాడు. "అందుకాండీ ఎడంచెయ్యి! కుడిచెయ్యి గరిటెకండి."

"అందుకే భోజనం చేశారా అని..." మేష్టారు మాట పూర్తి చెయ్యలేకపోయారు. నవ్వు ముంచుకొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "మన జిల్లావోడేరా వాడు!"

"అయితే నకిలీయేనంటారా?"

"నకిలీ ఏంట్రా! చెప్పే కదా వచ్చాడు."

చివరి నాలుగు వాక్యాలు మాత్రం జిగురుతో పోయాయి. కెప్టెన్ దానికి ఏమని బదులిచ్చాడో తెలియదు. ఏడ్చి ఉంటాడని ఖాదర్, ఏడవడు గాక ఏడవడని మేష్టారు. అప్పుడే కొత్త తగువు మొదలైంది. వాదిస్తూనే ఖాదర్ మెడలోని టేపు తీసి మేష్టారి భుజాలు కొలిచాడు. "ఎవడు కుట్టాడండీ ఇది, గుమ్మటంలాగుంది," అన్నాడు. నన్ను ఖాదర్ కొట్లో ఉంచాలని, మేష్టారు అక్కడికే వచ్చి చదువుకోవాలని సుగుణమ్మగారు తీర్పు చెప్పారు.

పల్లయ్యను ఎవరూ తిట్టలేదు. తిడతారేమోనని కాసేపు నిలబడి, తరవాత పళ్ళెంలో నీళ్ళు పారబోసి, ఇంటికి వెళ్ళి ఆరేళ్ళ తరవాత కడుపు నిండా తిన్నాడట. మర్నాడు సుగుణమ్మగారితో అతనే చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చి, ఆరిన కాగితాలను వాటి చోట పెట్టి నన్ను మళ్ళీ కుట్టాడు. ఇక కొత్త అట్ట చెయ్యాలి. జిగురు కాచి పక్కన పెట్టుకున్నాడు. చిత్తుకాగితాల కట్ట విప్పి, మొదటి కాగితం వెలుతురుకు పట్టి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. పాత కరెంటాఫీసు నోటీసు. ఎవరికీ అక్కర్లేదని నిర్ధారించుకుని జిగురు రాశాడు. రెండోది ఎవరిదో శుభలేఖ. వధువు పేరు, వరుడి పేరు, ముహూర్తం, బంధుమిత్రుల అభినందనల దాకా చదివాడు. ఎండ పంచలోకి వచ్చేసరికి ఆరు కాగితాలయ్యాయి. గిన్నెలో జిగురు గడ్డకట్టింది.

మళ్ళీ కాచుకొచ్చి, ఏడో కాగితం చేతిలోకి తీసుకున్నాడు.