కారులో మిగిలింది

వెనక సీటు సందులో వేళ్ళు దూర్చి హుస్సేన్ వలి ముందురోజు మిగిలినవన్నీ పైకి తీస్తున్నాడు. యజమాని పాప తలక్లిప్పు, నలిగిన బిస్కెట్ ప్యాకెట్, చుట్టూ వెండికాగితం ఉన్న చాక్లెట్ ఒకటి. క్లిప్పు తిరిగి ఇవ్వాలి. తినేవి అతనివే. ఆ అరబ్బుల ఇంట్లో అదొక కట్టుబాటు: వస్తువైతే లోపల అప్పజెప్పాలి, తిండి అయితే డ్రైవరుకు చెల్లు. చాలా ఏళ్ళ కిందట ఇంటి యజమానురాలు మామా తన నోటితోనే చెప్పింది. రాయచోటిలో అతని పిల్లలు అట్లా మిగిలిన చాక్లెట్లు తింటూనే పెద్దవాళ్ళయ్యారు.

పొట్టి మనిషి. గడ్డం తెల్లబడింది. కిటికీ వైపుండే ఎడమచెయ్యి ఎండకు మాడి కుడిచేతికంటే బాగా నల్లబడింది. రెండూ ఒక మనిషివేనా అని వంటమనిషి షరీఫా బీ ఎప్పుడూ ఆటపట్టిస్తుంది. ఆమెదీ రాయచోటే. వంటింటి గుమ్మంలోంచి చాయ్ గ్లాసు అందించింది.

"శుక్రవారం పోతాండావు. ఇంగ మమ్మల్ని మతిలో పెట్టుకుంటావా అన్నా?"

"పెట్టుకోకుండా యాడికి పోతానమ్మా. పోయినాక నేనేం జేస్తానో తెల్సునా? పొద్దెక్కిందాకా పండుకుంటా. మీ వదిన లేపినా లెయ్యను."

ఈసారి సెలవు కాదు. ఖలాస్, ఇక రానక్కర్లేదు. పెళ్ళయి పాతికేళ్ళు దాటినా జుబేదా బీతో అతను కాపురం చేసింది సెలవుల్లోనే. ఊరికి వెళ్ళిన ప్రతిసారీ పెట్టె పూర్తిగా విప్పకముందే మళ్ళీ కట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఆమె పక్కన కూర్చుని ఏ తొందరా లేకుండా అన్నం తినాలని అతని కోరిక. అంతకుమించి ఏమీ లేదు.

యజమాని బాబానూ ఆయన పెద్దకొడుకు ఫవాజ్‌నూ మిర్కాబ్‌లోని ఆఫీసుకు తీసుకెళ్ళాలి. ఫవాజ్ అమెరికాలో చదువు ముగించుకుని ఈమధ్యే వచ్చాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే హుస్సేన్ వలి భుజం మీద తప్ప నిద్రపోయేవాడు కాదు. కారెక్కిన దగ్గర్నుంచీ తండ్రితో అరబ్బీలో వాదిస్తున్నాడు.

"బాబా, నేను చదివిన రాష్ట్రంలో గంజాయి నేరం కాదు. కాఫీ కొట్టు పక్కనే గంజాయి కలిపిన మిఠాయిల కొట్టు. వయసు చూసి, రసీదిచ్చి అమ్ముతారు. ప్రభుత్వానికి పన్ను వస్తోంది. నా స్నేహితుడు రెండో కొట్టు తెరుస్తున్నాడు. మనమూ పెట్టుబడి పెడదాం."

"తినేవాళ్ళు ఏమైపోయినా పర్వాలేదా?"

"ఎంత తినాలో డబ్బా మీదే రాసి ఉంటుంది. చాటుగా కొనే కల్తీసరుకుకంటే నయం కదా!"

"అక్కడ రసీదు ఇస్తారేమో. ఇక్కడ బేడీలు వేస్తారు. ఆ మాట నా కారులో ఎత్తకు."

హుస్సేన్ వలికి అరబ్బీ అర్థమవుతుంది. కానీ యజమానుల గొడవలు వినీ విననట్టుండడమే అతనికి అలవాటు. పైగా మనసంతా శుక్రవారం మీదుంది. ఆఫీసు ముందు ఫవాజ్ విసురుగా తలుపు తోసి దిగిపోయాడు. సగం తెరిచి ఉన్న అతని సంచిలోంచి చిన్న రేకుడబ్బా సీటు మీద జారిపడింది. అది ఆ కొట్టు సరుకే. తండ్రికి తెలియకుండా విమానంలో దాటించి తెచ్చుకున్నాడు.

వాళ్ళ పని తెమలలేదు. మధ్యాహ్నం దాటింది. హుస్సేన్ వలికి కడుపులో ఎలుకలు పరుగెత్తాయి. అప్పుడు కనబడింది డబ్బా. మూత మీద మామిడిపండు బొమ్మ, లోపల చక్కెర అద్దిన మెత్తటి బిళ్ళలు. ఒకటి నోట్లో వేసుకున్నాడు. అచ్చం మామిడితాండ్ర రుచి. ఆకలి మీద ఇంకో నాలుగు తిన్నాడు. మిగతావి జుబేదాకని డబ్బాతో సహా జేబులో పెట్టుకున్నాడు. ఎంత తినాలో డబ్బా మీద రాసే ఉంది, ఇంగ్లీషులో. ఈ మనిషికి ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు.

గంట తర్వాత, వాళ్ళింకా ఆఫీసులో ఉండగానే, పాప లుల్వాను బడి నుంచి తీసుకొస్తుండగా మహబూలా దగ్గర గుండె దడదడలాడింది. నోరు పిడచగట్టింది. ముందున్న రోడ్డు ఎంతకీ తరగడం లేదు. తనకేమైనా ఫర్వాలేదు, వెనక పసిపిల్ల ఉంది. కారు పక్కకు తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, ఫవాజ్‌కు ఫోన్ చేశాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"నాకు బాగాలేదు నాయనా. పాపతో ఇంక తోలను. నువ్వు రా."

ఫవాజ్ టాక్సీలో వచ్చేసరికి పోలీసు బండి కూడా వచ్చి ఆగింది. ఎర్రబడ్డ కళ్ళు, తూలుతున్న మనిషి. పోలీసు అధికారి అతని జేబులు తడిమి డబ్బా బయటికి తీశాడు. మూత మీద అక్షరాలు చదివాడు.

"ఇది ఎవరిది?"

హుస్సేన్ వలి బెదిరిపోయాడు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో సూది పోయినా ఎవరూ అతని వైపు చూడలేదు. వెళ్ళిపోయే వారంలో దొంగ అనిపించుకోవాలా?

"నాదే సార్. దొంగిలించలేదు. కారులో మిగిలిన తిండి నాదే. కావాలంటే ఈ అబ్బాయిని అడగండి."

అధికారి ఫవాజ్ వైపు తిరిగాడు. ఫవాజ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అతనిదే."

హుస్సేన్ వలి ముఖం విప్పారింది. పిచ్చివాడు, దొంగ కాదని తేలిపోయిందనుకున్నాడు. "షుక్రన్ నాయనా" అని కృతజ్ఞత కూడా చెప్పాడు.

అప్పుడు అధికారి ఆ డబ్బాలో ఉన్నదేమిటో పేరు పెట్టి చెప్పాడు.

పొద్దున కారులో జరిగిన వాదన గుర్తొచ్చి హుస్సేన్ వలి ఫవాజ్ కళ్ళలోకి చూశాడు. ఫవాజ్ తల తిప్పుకున్నాడు. డబ్బా ఎవరిదో చెప్పే ఒక్క మాట చాలు. ఆ మాట ఫవాజ్ అనలేదు. హుస్సేన్ వలి కూడా అనలేకపోయాడు. భుజాన మోసిన బిడ్డను ఏ నోటితో పట్టిస్తాడు?

"శుక్రవారం నా విమానం సార్" అన్నాడు చివరికి, ఎవరికీ వినబడనంత మెల్లగా. "మా యింటామె ఎదురుచూస్తుంటాది" అని తెలుగులో గొణుక్కున్నాడు. అధికారి పోలీసు బండి తలుపు తెరిచాడు. హుస్సేన్ వలి ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు.

"ఏసీ ఆపొద్దు ఫవాజ్. పాప నిద్రపోతోంది."

పోలీసు బండి వెళ్ళిపోయింది. ఫవాజ్ డ్రైవరు సీట్లో కూర్చుని చాలాసేపు స్టీరింగు పట్టుకోలేదు. వెనక సీట్లో లుల్వా ముఖానికి ఎండ తగలకుండా హుస్సేన్ వలి కప్పిన గళ్ళరుమాలు, ఆ పిల్ల ఊపిరికి కొద్దికొద్దిగా లేచి పడుతోంది.