పెద్దమ్మ గదికి వీధి గుమ్మం

మా పెద్దమ్మకి ఈ ఇంట్లో ఒక గది కట్టించాలంటే, ముందు ఆవిడ ఈ ఇంట్లో లేనట్టు కనపడాలి. ఈ మాట బ్యాంకు వాళ్ళు అనలేదు. వాళ్ళు మర్యాదస్థులు. మిల్వాకీలో ఇలాంటివి ఎవరూ నోటితో అనరు, మనమే అర్థం చేసుకోవాలి.

మా అమ్మ తరంలో మిగిలింది ఆర్డీలియా పెద్దమ్మ ఒక్కతే. దక్షిణాదిన మిసిసిపీలో ఒంటరిగా ఉండేది. మోకాళ్ళు పోయాక బతిమాలి తెచ్చుకున్నాను. కానీ మా ఇంట్లో పడకగదులూ స్నానాలగదీ అన్నీ మేడ మీదే. పెద్దమ్మ హాల్లో సోఫా మీద పడుకుంటుంది. ఆవిడ మెట్లెక్కాలంటే ముందు మా ఆయన రస్సెల్ లాగాలి, వెనక నేను తొయ్యాలి. పల్లకీ అయినా కొంత నయం, అది తిట్టదు.

"వేసవి లోపల కింద ఒక గది కట్టిస్తే ఉంటా, లేకపోతే బస్సెక్కుతా. పడితే మా నేల మీదే పడతా," అంది పెద్దమ్మ. ఆవిడ ఉత్తినే బెదిరించదు. బస్సు వేళలు అప్పటికే కనుక్కుంది.

గది కట్టాలంటే ఇంటి మీద అప్పు తీసుకోవాలి, దానికి ముందు ఎవరో వచ్చి ఇంటికి విలువ కట్టాలి. మొదటి బ్యాంకు పంపిన కుర్రాడు ఎంత మంచివాడో చెప్పలేను. బూట్లు విప్పి లోపలికొచ్చాడు. మా అమ్మాయి పట్టా పుచ్చుకున్న ఫొటో చూసి "అద్భుతం!" అన్నాడు. నా నిమ్మరసం రెండోసారి అడిగి తాగాడు. తరవాత మా ఇంటి విలువ పక్కింటి తెల్లావిడ జూడిత్ ఇంటి విలువలో సగానికి కాస్త పైన కట్టి పంపాడు. రెండిళ్ళూ ఒకే మేస్త్రీ ఒకే ఏడాది కట్టినవి. తేడా ఏమైనా ఉంటే, జూడిత్ ఇంటి కప్పు కారుతుంది.

పెద్దమ్మ నవ్వింది. "మా ఊళ్ళో నీళ్ళ కుళాయికి కూడా 'తెల్లవాళ్ళకి', 'నల్లవాళ్ళకి' అని బోర్డు ఉండేదే వెర్నిటా. ఏది మనదో ఏది కాదో చదువు రానోడికి కూడా తెలిసేది. ఇక్కడ బోర్డూ లేదు, అందరూ నవ్వుతారు. మరి తిప్పితే నీళ్ళు రావేం?"

ఆ బోర్డులు చూడలేకే మా అమ్మ రైలెక్కి ఇక్కడికొచ్చింది. బోర్డులు లేవన్న సంతోషంలో మొదటి నెలంతా అద్దె ఇల్లు వెతికింది. ఏ ఇంటికి వెళ్ళినా నవ్వుతూ తలుపు తీశారట. ప్రతి ఇల్లూ ఆ పొద్దున్నే ఎవరికో ఇచ్చేశారట కూడా.

విషయం విని జూడిత్ కన్నీళ్ళు పెట్టుకుంది. ఆవిడ ముంగిట్లో "ద్వేషానికి ఇక్కడ చోటు లేదు" అన్న పలక ఉంటుంది. దాని చుట్టూ బంతిపూలు నాటింది.

"రెండో బ్యాంకుని అడుగు. విలువ కట్టే మనిషి వచ్చిన రోజు మీరు బయటికి వెళ్ళండి. నేను మీ ఇంటి యజమానురాలినని చెబుతాను. నా మనసు ఒప్పుకోదనుకో, కానీ నీకోసం చేస్తాను," అంది.

మనసు ఒప్పుకోకపోయినా మర్నాడే వాళ్ళ కర్టెన్లు తెచ్చి మా కిటికీలకు తగిలించింది.

మా వాళ్ళలో ఇల్లు అమ్మేముందు, అప్పుకి వెళ్ళేముందు ఇంట్లోంచి మమ్మల్ని మేము తీసేసుకోవడం మామూలే. పెళ్ళి ఫొటోలు, జుట్టు సాపు చేసే ఇనప దువ్వెన, తలకి రాసుకునే జిడ్డు డబ్బా, చామనఛాయ క్రీస్తు ఉన్న పటం, అన్నీ రస్సెల్ కారు డిక్కీలోకి ఎక్కాయి. ఖాళీ గోడలకి దుకాణంలో కొత్త ఫ్రేములు కొని తగిలించాను. వాటితోపాటు వచ్చిన ఫొటోల్ని అలాగే ఉంచాను. సముద్రపు ఒడ్డున తెల్లబట్టల్లో ఎవరో బంగారు జుట్టు కుటుంబం. చూడముచ్చటగా ఉన్నారు. వాళ్ళకి అప్పు వెంటనే దొరుకుతుంది.

డిక్కీలో పట్టనిది పెద్దమ్మ.

"నేను కదలను. పొయ్యి మీద కూర ఉంది," అంది.

"ఒక్క గంటే పెద్దమ్మా. రస్సెల్ నిన్ను చెరువు దగ్గరికి తీసుకెళ్తాడు."

"బాతుల్ని చూడ్డానికా నేనింత దూరం వచ్చింది? మీ ఇంటి పాత దస్తావేజులో ఏముందని చెప్పాడే నీ మొగుడు, గృహప్రవేశం నాడు చదివి అందర్నీ నవ్వించాడట?"

దస్తావేజులో ఉన్నదిది: ఈ స్థలంలో తెల్లవారు తప్ప ఇతరులు నివసించరాదు, ఇంటి పనివారికి మినహాయింపు. చట్టం దాన్ని ఎప్పుడో కొట్టేసింది. కాగితం మీద మాత్రం అచ్చు చెదరలేదు.

"మరింకేం? నేను పనిమనిషిని. దస్తావేజు ప్రకారమే ఉంటా," అని పెద్దమ్మ ఏప్రన్ కట్టుకుంది.

జూడిత్ మొహం ఎర్రబడింది. "అయ్యో మిసెస్ గేథర్స్, మీ చేత అలాంటి పని… నేను చచ్చిపోతాను."

"చావకమ్మా, ఇంటి యజమానివి కదా. పోయి కుర్చీలో కూర్చో."

రస్సెల్ ఒక్కడే చెరువుకి వెళ్ళాడు. నేను ఇల్లు వదల్లేక నేలమాళిగలో బట్టలుతికే గదిలో దాక్కున్నాను. మా పాత ఇంట్లో, కింద కొలిమి నుంచి గదులకి వెచ్చదనం పంపే వేడిగాలి గొట్టాలు ప్రతి గది మాటా కిందికి మోసుకొస్తాయి. కాపరం మొదట్లో ఇది తెలియక చాలా నష్టపోయాం.

వచ్చినాయన పేరు ప్రూయిట్. గుమ్మంలో అడుగుపెడుతూనే గట్టిగా గాలి పీల్చిన చప్పుడు నాకు వినపడింది.

"కాలర్డ్ ఆకు! పంది మెడ ఎముక వేశావు కదూ ఆంటీ?"

ఈ "ఆంటీ"లో వరస ఏమీ లేదు. మా ఆడవాళ్ళని "మిసెస్" అనవలసి వస్తుందని దక్షిణాది తెల్లవాళ్ళు కనిపెట్టిన అడ్డదారి అది. యాస వినగానే నాకు సంగతి తెలిసిపోయింది. ఉత్తరాది బ్యాంకు పంపిన మనిషి మిసిసిపీ వాడు.

"వెయ్యకుండా ఎవరు వండుతారు బాబుగారూ?" అంది పెద్దమ్మ.

"ఎక్కడిదానివి నువ్వు?"

"యాజూ ఏటి పక్కన."

"ఓరి దేవుడా! మాది అవతలి గట్టు!"

"ప్రూయిట్‌లా? పత్తి తూకం వేసే ప్రూయిట్‌లా?"

"మా తాతే!"

"తెలియకేం. మా నాన్న పత్తంతా ఆయనే తూచేవారు. పొలంలో బండెడు ఉండేది, ఆయన తక్కెడ ఎక్కేసరికి బుట్టెడయ్యేది."

కుర్చీ కిర్రుమనేలా నవ్వాడాయన. "మా తాత గురించి అందరూ అదే అంటారు!"

కంచం చప్పుడైంది. మొక్కజొన్న రొట్టె విరిచి, మా వంటింటి బల్ల దగ్గర పెద్దమ్మ ఎదురుగా కూర్చుని తిన్నాడు. మొదటి కుర్రాడు మా ఇంట్లో కూర్చోనేలేదు, ఇప్పుడు గుర్తొచ్చింది. నిమ్మరసం నిలబడే తాగాడు.

"నన్ను పెంచింది నీలాంటావిడే ఆంటీ. కన్నతల్లి కంటే ఎక్కువ. ఆవిడ పోయిన రోజు మా నాన్న ఏడవడం మొదటిసారి చూశాను."

"పాపం. ఆవిడ పూర్తి పేరేంటి బాబుగారూ? నాకు తెలిసినావిడేమో."

గొట్టంలోంచి చెంచా కంచంలో పెట్టేసిన చప్పుడు వచ్చింది.

"మేం… 'నానీ' అనేవాళ్ళం, అంతే," అన్నాడు. వెంటనే, "ఇంకొంచెం రొట్టె ఉందా?"

ఉందని పెట్టింది పెద్దమ్మ.

అప్పుడు ఆయనకి యజమానురాలు గుర్తొచ్చింది. హాల్లోకి వెళ్ళి, "అమ్మా, ఈ ఫొటోలో ఉన్నది మీ వాళ్ళా?" అన్నాడు.

"మా అక్కయ్య వాళ్ళు," అంది జూడిత్, తడుముకోకుండా. మనసు ఒప్పుకోని పని ఎంత చక్కగా చేస్తోందో!

"వేడిగాలి కొలిమి ఎక్కడుంది?"

"అది… పైన. అంటే, కింద. మా ఆయన చూసుకుంటారు."

"కింద బాబుగారూ," అంది పెద్దమ్మ. "జాగ్రత్తగా దిగండి. అక్కడ బట్టలుతికే మనిషి ఉంటుంది, ఉలిక్కిపడకండి."

ఉలిక్కిపడింది నేను. డిగ్రీ చదివినదాన్ని, ఈ ఇంటి దస్తావేజులో మొదటి పేరు నాది. రస్సెల్ లోదుస్తులు గబగబా మడతపెట్టడం మొదలుపెట్టాను. ప్రూయిట్ వచ్చి నాకు తలూపి, కొలిమి చూసి, వెనకే దిగిన జూడిత్‌తో మెచ్చుకోలుగా అన్నాడు: "ఇద్దరున్నారన్నమాట. ఈ కాలంలో అదృష్టవంతులు."

జూడిత్ నా వైపు చూడలేదు. "అవునండీ," అంది.

వెళ్ళేముందు మంచి సలహా కూడా ఇచ్చాడు. "ముసలావిడకి మోకాళ్ళు బాగోలేవు. కింద ఒక గది కట్టించండమ్మా. వెనక గరాజు అడ్డం. ముందువైపు వీధిలోకి కట్టించారంటే ఇంటికి అందం, విలువ కూడా పెరుగుతుంది."

"తప్పకుండా! ముందువైపే కట్టిస్తాను," అంది జూడిత్. అప్పటికి ఆవిడ పూర్తిగా యజమానురాలైపోయింది.

విలువ వచ్చింది. జూడిత్ ఇంటికంటే కాస్త ఎక్కువే. అప్పు పుట్టింది. ఫొటోలు డిక్కీ దిగి గోడలెక్కాయి. మేస్త్రీ వచ్చి నక్షా గీశాడు: వీధి వైపు గది, దానిలోకి దారి మాత్రం ఇంటి చుట్టూ తిరిగి వెనక వంటింటి అరుగు మీదుగా.

పెద్దమ్మ నక్షా చూసి తిరిగిచ్చేసింది.

"నా బతుకంతా తెల్లవాళ్ళ వంటిళ్ళకి వెనక గుమ్మంలోంచే వెళ్ళాను. చిట్టచివర నా గదికి కూడా వెనక గుమ్మమేనా? వీధి గుమ్మం పెట్టించు. లేదూ, బస్సు తొమ్మిదింటికి."

వీధిలోకి కొత్త గుమ్మం పెట్టాలంటే మా పేటలో వీధి అందాల సంఘం ఒప్పుకోవాలి. సంఘానికి అధ్యక్షురాలు జూడిత్. నాకు గుండె నిమ్మళించింది. అంత తొందరపడకుండా ఉండాల్సింది.

సమావేశం జూడిత్ ఇంట్లోనే. వానొస్తే కారే చోట బకెట్టు పెట్టి, దాని మీద లేసు గుడ్డ కప్పింది. కాఫీ, దాల్చినచెక్క కేకు, చుట్టూ ఇరుగుపొరుగు. పెద్దమ్మ కర్ర పట్టుకుని నా పక్కన కూర్చుంది.

"మిసెస్ గేథర్స్ అంటే మాకందరికీ ఎంతో గౌరవం," మొదలుపెట్టింది జూడిత్. "ఇక్కడ ప్రశ్న మనుషుల గురించి కాదు, గుమ్మం గురించి. వీధి మొత్తానికి ఒక పోలిక ఉంది. ఒకింటికి రెండు ముందు గుమ్మాలుంటే… అద్దెకిచ్చారేమో అనుకుంటారు. ఇంకొంచెం అధ్యయనం చేద్దామంటాను. వచ్చే వసంతం దాకా."

అందరూ నవ్వుతూ తలలూపారు. ఒకాయన పెద్దమ్మ కప్పులో కాఫీ కూడా పోశాడు.

పెద్దమ్మ నా చెవిలో అంది: "మా ఊళ్ళో అయితే ఈపాటికి పొమ్మనేవాళ్ళు, ఇంటికెళ్ళి వంట మొదలెట్టుకునేదాన్ని. వీళ్ళు కేకు పెట్టి మరీ కూర్చోబెడతారేంటే? పద, సంచి సర్దుకుంటా."

ఆవిడ కర్ర నేలకి తాటించి లేవబోయింది. నేను కేకు ముక్క కింద పెట్టాను.

"జూడిత్, ఒక్క మాట," అన్నాను, వీలైనంత మెత్తగా. "విలువ కట్టిన ప్రూయిట్‌గారు ముందువైపు కడితే ఇంటికి అందమన్నారు కదా. ఆయన చెప్పినప్పుడు నువ్వక్కడే ఉన్నావు. తప్పకుండా ముందువైపే అని నువ్వే అన్నావు. ఆయన నిన్ను ఏమనుకుని చెప్పారో, నువ్వు ఏమని జవాబిచ్చావో వీళ్ళకి కాస్త చెప్పవూ? నాకు సరిగ్గా గుర్తులేదు. నేను బట్టలు మడతపెడుతున్నాను."

జూడిత్ కప్పు గబుక్కున సాసర్ మీద పెట్టేసింది.

"ఏ విలువ?" అన్నాడు కాఫీ పోసినాయన. "జూడిత్, నువ్వక్కడెందుకున్నావు?"

"పొరుగు కదా, ఊరికే వెళ్ళాను," అంది జూడిత్. కేకు పళ్ళెం ఆయన ముందుకి జరిపింది. "ఇంకోసారి ఆలోచిస్తే… రెండు గుమ్మాలుంటే వీధికి నిండుతనం వస్తుంది. నేను అనుకూలం. మీరేమంటారు?"

అధ్యక్షురాలు అన్నాక కాదనేవాళ్ళు మా పేటలో లేరు. అంతకు ముందు లేరు, ఇప్పుడూ లేరు. చేతులన్నీ అదే చిరునవ్వుతో లేచాయి.

వేసవికి గది అయింది. గుమ్మానికి పెద్దమ్మ నీలం రంగు వేయించింది. దాని పక్కనే కుర్చీ వేసుకుని, వీధి అందాన్ని రోజంతా కాపలా కాస్తోంది.

నిన్న మధ్యాహ్నం ఒక తెల్లపిల్ల కాగితాలు బిగించిన అట్ట పట్టుకుని వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు, మొహంలో బోలెడంత న్యాయం. మా జాతి వాళ్ళకి ఇళ్ళ విషయంలో జరిగిన అన్యాయాల మీద సంతకాలు పోగుచేస్తోందట. నేను లోపల బీన్స్ ఒలుస్తూ వింటున్నాను.

"నమస్కారమండీ," అంది ఆ పిల్ల పెద్దమ్మతో, ఎంతో గౌరవంగా. "ఇంటివాళ్ళు ఉన్నారా?"

పెద్దమ్మ ఆ పిల్లని కింద నుంచి పైదాకా చూసింది.

"ఉన్నారమ్మా," అంది. "నువ్వలా చుట్టూ తిరిగి వెనక గుమ్మం దగ్గరికి రా. ఈ గుమ్మం ఇప్పుడే తుడిచాను."

ఆ పిల్ల థాంక్స్ చెప్పి, నవ్వుతూ వెనక్కి వెళ్ళింది. పెద్దమ్మ లేవలేదు.

"వెర్నిటా, పాపం ఎండలో వచ్చింది," అని కేకేసింది. "వెనక నిలబెట్టే ఒక రొట్టె ముక్క పెట్టు."