ఎట్ ద రేట్ రామాంజనేయులు

నాలుగో యూనిట్ వీడియోలో రామాంజనేయులు సార్ పెదాలు కదులుతాయి. చెయ్యి బోర్డు మీద తిరుగుతుంది. మాట మాత్రం వినపడదు. పాఠం మొదలైన కాసేపటికే సౌండ్ పోయింది, మళ్లీ రాలేదు. దూరవిద్యలో డిగ్రీ చదివేవాళ్లంతా ఆ పాఠాన్నే చూస్తూ, సార్ ఏమంటున్నాడో పెదాలను బట్టి ఊహించుకుంటూ పరీక్షకు తయారవుతున్నారు. ఇదీ చదువు!

నిరోషకు ఊహించుకునే తీరిక లేదు. తార్నాకలో మందుల షాపులో పని చేస్తూ, మాణికేశ్వర్ నగర్‌లో అమ్మతో ఉండే ఒంటి గదిలో చదివి, అన్ని పేపర్లూ గట్టెక్కించింది. మిగిలింది స్టాటిస్టిక్స్ ఒక్కటే. ఈసారి తప్పిందంటే రిజిస్ట్రేషన్ గడువు తీరిపోతుంది. పాసైన పేపర్లన్నీ చిత్తుకాగితాలవుతాయి. పరీక్షలో సగం ప్రశ్నలు ఆ నాలుగో యూనిట్ నుంచే వస్తాయి.

యూనివర్సిటీ వాళ్లు ఆన్‌లైన్‌లో చదువుల గ్రూపు ఒకటి పెట్టారు. సందేహాలు అడగడానికే పెట్టారు. వీడియో కింద అందరూ అడిగారు కూడా. ఎలా అడిగారు? "గౌరవనీయులైన సార్ గారికి నమస్కరించి వ్రాయునది." "సార్ గారూ, దయచేసి పరిశీలించగలరు." వాటి కింద చేతులు జోడించిన బొమ్మలు, వరసగా. గుళ్లో దేవుడికి కూడా అన్ని దండాలు పడవు. జవాబు మాత్రం లేదు.

ఎలా ఉంటుంది? ఆ గ్రూపులో ఎట్ ద రేట్ గుర్తు పెట్టి, దాని పక్కన మనిషి పేరు రాస్తేనే ఆ మనిషి ఫోన్ మోగుతుంది. ట్యాగ్ చేయడమంటే అదే. గుర్తూ పేరూ లేకుండా "సార్ గారు" అని వెయ్యిసార్లు రాసినా ఎవరి ఫోనూ మోగదు. ఈ సంగతి అందరికీ తెలుసు. తోటివాళ్లను పొద్దస్తమానం ట్యాగ్ చేసుకుంటూనే ఉంటారు. సార్ దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోతాయి. పెద్దాయనను పేరు పెట్టి పిలవడమా? అమ్మో! మర్యాద కోసం పరీక్ష తప్పడానికైనా సిద్ధపడ్డారు గానీ, ఆ ఒక్క గుర్తు పెట్టలేదు.

నిరోష పెట్టింది. షాపులో కౌంటర్ దగ్గర నిలబడే టైప్ చేసింది. "@రామాంజనేయులు నాలుగో యూనిట్‌లో మీ మాట వినపడటం లేదు. పరీక్ష దగ్గరికొచ్చింది. మళ్లీ చెప్పండి."

గ్రూపు భగ్గుమంది. "సార్ నీ క్లాస్‌మేటా?" అని ఒకరు. "సంస్కారం లేదా?" అని మౌలాలి కృపారాణి. సౌండ్ లేని పాఠం మీద రాని కోపం ఈ పిల్ల మీద వచ్చింది. సార్ చూసేలోపే ఆ పోస్టు మాయమైంది. నిరోష మళ్లీ రాయబోతే పోస్టు పడలేదు. గ్రూపును చూసుకునే దినేష్ ఆమెను ఆపేశాడు.

మరునాడు షాపుకు సెలవు పెట్టి క్యాంపస్‌కు నడిచింది. సామేలు తోడొచ్చాడు. మెట్టుగూడలో రైల్వే ఉద్యోగి, నడివయసు మనిషి, ప్రమోషన్ కోసం ఇదే డిగ్రీ చదువుతున్నాడు. గ్రూపులో దండాల బొమ్మలు అందరికంటే ఎక్కువ పెట్టింది ఆయనే.

"జర మెల్లగ మాట్లాడు చెల్లె. పెద్దోళ్లతోని పని."

"ఇన్నొద్దులు మెల్లగనే మాట్లాడితిమి గదనే అన్నా. సౌండొచ్చిందా?"

సార్ గదికి తాళం వేసి ఉంది. డిపార్ట్‌మెంట్ మెట్ల మీద దినేష్ టీ తాగుతున్నాడు. అనంతపురం కుర్రాడు, రామాంజనేయులు సార్ దగ్గరే పీహెచ్‌డీ చేస్తున్నాడు. నిరోష తన పేరు చెప్పింది.

"నువ్వేనా? మా సార్‌ను పేరు పెట్టి పిలుస్తావా? ఎంత పెద్దాయనో తెలుసునా నీకు?"

"పేరు పిలవనీకె గదా పెట్టేది? మూటగట్టి దాచిపెట్టనీకెనా?"

"ఇట్లాంటివన్నీ చెప్పి సార్‌ను విసిగించకూడదు. పరీక్షలైనాక నేనే నిదానంగా చెప్తాలే."

"పరీక్షలైనంకనా? పెండ్లైనంక పిల్లను చూపెడ్తవా?"

సామేలు దగ్గినట్టు నటించి నవ్వు ఆపుకున్నాడు. నిరోష ఆగలేదు.

"గా వీడియో ఎక్కించిందెవలు?"

దినేష్ టీ గ్లాసులోకి చూశాడు.

"కింద నీ పేరే ఉన్నది. సౌండ్ ఉన్నదో లేదో చూడకుంటనే ఎక్కించినవు. సార్‌కు తెలుస్తదని మా నోర్లు మూస్తున్నవు. గిదేనా నీ మర్యాద?"

"పో, ఏం చేసుకుంటావో చేసుకో పో. పోస్టు పెట్టేకి గ్రూపులో నీకు చోటే లేదు కదా!"

తిరిగొచ్చేటప్పుడు తార్నాక మెట్రో మెట్ల దగ్గర సామేలు ఆగి ఫోన్ తీశాడు.

"మా బడి సార్‌ను నేను గిప్పటికీ మనసుల గూడ పేరుతోని తల్సుకోను, తెల్సా చెల్లె?"

"తెల్సే అన్నా. పెడ్తవా పెట్టవా?"

సామేలు వేలు గుర్తు మీద కాసేపు ఆడింది. చివరికి నొక్కాడు. "@రామాంజనేయులు సార్, మీ పాఠానికి సౌండ్ లేదు. నిరోష చెప్పింది నిజం."

"పాయె. ఇగ నన్ను గూడ తీసేస్తడు."

"తీసెయ్యనీ. ఇంజన్ లెక్క కూత పెట్టినవు!"

తీసేశాడు. కానీ ఆలోపే కృపారాణి చూసింది. నిన్న సంస్కారం లేదా అన్న మనిషే. ఆమెదీ అదే పేపరు, అదే పరీక్ష. కాస్త ఆలోచించినట్టుంది, అదే గుర్తు, అదే పేరు పెట్టింది. తర్వాత ఇంకొకరు. ఆ వెనక ఎవరెవరో. ఎన్నడూ నోరు తెరవనివాళ్లు కూడా వచ్చారు. దినేష్ ఒకటి తీసేలోపు నాలుగు పడ్డాయి. తీసి తీసి అతని వేళ్లే అలిసిపోయాయి. అలవిగాని జనాన్ని ఎవడు ఆపుతాడు?

సాయంత్రానికి జవాబొచ్చింది. "ఆదివారం పొద్దున క్యాంపస్‌కు రండి. గది తెరిపిస్తాను. నాలుగో యూనిట్ మొత్తం చెబుతాను. రామాంజనేయులు."

ఆదివారం గది నిండిపోయింది. చోటు చాలక కిటికీల దగ్గర కూడా నిలబడ్డారు. సార్ వచ్చీ రాగానే అడిగాడు. "నిరోష ఎవరమ్మా?"

నిరోష లేచింది. తల దించలేదు.

"ఇన్ని దినాలు ఏల పిలవలేదు తల్లీ? ఎవ్వరూ పిలవకపోయేసరికి నా పాఠం అందరికీ అర్థమైపోయిందని సంబరపడినాను కదా!"

"పిలిచినం సార్," అన్నాడు సామేలు. "దండాల కింద పడి కనవడలే."

గది ఘొల్లుమంది. సార్ కూడా నవ్వాడు. "కూరగాయలు కొంటాంటే జేబులో ఫోను ఒకటే మోత. ఎవరికేమైందో అని మా యావిడ గాబరాపడింది." వెనక నిలబడ్డ దినేష్ వైపు తిరిగాడు. "నాయనా దినేషూ, ఇది రికార్డు చెయ్యి. ముందు సౌండ్ వస్తాందో లేదో చూడు. ఆపైన ఎక్కిద్దువు. ఈ పాపను ఆపేసినావంట, మళ్లీ గ్రూపులోకి తీసుకో."

దినేష్ ముందు వరసలోకొచ్చి ఫోన్ పట్టుకున్నాడు. పాఠమంతా అలాగే నిలబడి పట్టుకున్నాడు.

నిరోష పాసైంది. సామేలూ కృపారాణీ పాసయ్యారు. డిగ్రీ చేతికొచ్చిన రోజు షాపులో అందరికీ మిఠాయి పంచి, మళ్లీ కౌంటర్ దగ్గర నిలబడింది. అప్పుడే ఫోన్ మోగింది. గ్రూపులో ఎవరో కొత్తమ్మాయి రాసింది.

"@నిరోష అక్కా, ఐదో యూనిట్‌లో బోర్డు కనిపించడం లేదు. సార్ గారికి ఎట్లా విన్నవించుకోవాలి?"

నిరోష ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"విన్నవించుకోకు. పేరు పెట్టి పిలువు. పలుకుతాడు."